ఆరు మెషీన్లు, ఒకే డిస్కు

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండనే ఉంది. హాజరు పుస్తకంలో తప్ప అది ఎక్కడా వినపడదు, కనపడదు. ఆఫీసులో అందరికీ ఆయన ఛీఛీ సార్. ఎదురుగా ఎవరూ అనరు, వెనక అనని వాళ్ళు లేరు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. పొద్దున లిఫ్టు బటన్ మీద ఎవరిదో వేలి జిడ్డు చూసి మొదటి ఛీ అంటాడు. అక్కణ్ణించి సాయంత్రం వరకు లెక్కలేదు.

నిజం చెప్పాలంటే ఆ ఆఫీసు అలాంటిదే. వేలిని ఉమ్ముతో తడి చేసుకుని కాగితాలు తిప్పే గుమాస్తా ఒకడు. చేతులు కడుక్కునే బేసిన్‌లో గొంతు ఖాళీ చేసుకునే డ్రైవరు ఒకడు. టీ కప్పులు పెట్టీ పెట్టీ టేబుళ్ళ మీద గోధుమరంగు వలయాలు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. బాత్రూంలో సబ్బుకు ఎప్పుడూ ఒక వెంట్రుక అతుక్కుని ఉంటుంది, అది ఎవరిదో ఎవరికీ తెలియదు. ఇవన్నీ అందరూ చూస్తారు, చూసి ఊరుకుంటారు. ఆయన ఊరుకోలేడు.

ఈ గుణం ఆయనకు చిన్నప్పుడే పట్టుకుంది. ఎనిమిదిమంది ఒక్క గదిలో ఉండేవాళ్ళు. ఐదు కుటుంబాలకు కలిపి ఒకటే బాత్రూం. తనకంటే ముందు వెళ్ళినవాళ్ళ జాడలన్నీ తుడుచుకుంటూ స్నానం చేసిన పిల్లవాడు ఆయన. "వీడు ముక్కు మూసుకునే పుట్టాడు" అనేది వాళ్ళమ్మ. పెద్దయ్యాక తనకంటూ ఒక గది, ఒక కుర్చీ, ఒక తువ్వాలు ఏర్పడ్డాక ఆ గుణం తగ్గుతుందని అనుకున్నారు. తగ్గలేదు సరికదా, ఇంకా ముదిరింది. పెళ్ళయిన కొత్తలో భార్య ఆయన గ్లాసుతో మంచినీళ్ళు తాగితే, ఆ గ్లాసు పక్కన పెట్టి ఇంకోటి తెచ్చుకున్నాడు. ఆవిడ ఇరవై ఆరేళ్ళయినా ఆ గ్లాసు సంగతి మరచిపోలేదు.

"మీకు మనుషులు అక్కర్లేదండీ, ఒక ఫినాయిల్ సీసా పక్కనుంటే చాలు" అంటుంది.

"సీసా మూత ఎవరు ముట్టుకున్నారో చూసుకోవాలి కదా" అంటాడు ఆయన. ఇందులో నవ్వాల్సింది ఏముందో ఆయనకు తెలియదు.

ఎగువన ఇంత వాన పడితే దిగువన నది ఎంత ఎత్తుకు లేస్తుందో ముందుగా లెక్కగట్టి చెప్పే ఆఫీసు అది. ఆ లెక్కలు వేసే మెషీన్లలోకి సాఫ్ట్‌వేర్ ఎక్కించడం ఛీఛీ సార్ ఉద్యోగం. సాఫ్ట్‌వేర్ రెండు రకాలుగా దొరుకుతుంది. ఎక్కడో ఎవరో తయారుచేసి మూటగట్టి పెట్టింది తెచ్చి వేసుకోవచ్చు, ఐదు నిమిషాల పని. లేదా దాని సోర్స్, అంటే మనుషులు రాసిన అసలు పాఠం, తెచ్చుకుని మన మెషీన్ మీద మనమే కంపైల్ చేసుకోవచ్చు, అంటే మెషీన్‌కు అర్థమయ్యే రూపంలోకి మార్చుకోవచ్చు. అది గంటల పని, ఒక్కోసారి రోజుల పని. ఛీఛీ సార్ రెండోదే చేస్తాడు. ఎవరో కట్టిన మూట విప్పి వాడుకోవడం ఆయన దృష్టిలో ఎంగిలి కంచంలో కూర్చుని తినడమే.

ఏ ప్యాకేజీకి, అంటే సాఫ్ట్‌వేర్ ముక్కకు, ముందు ఏది కావాలో చూసుకుని, వాటి సోర్సులు తెచ్చి, వరసలో తయారుచేసుకుంటూ పోయే ప్యాకేజీ మేనేజర్ అనే ప్రోగ్రాం ఒకటుంది. నది ప్రోగ్రాముకు అరవై మూడు ప్యాకేజీలు కావాలి. ఒక్క మెషీన్‌కు అప్పగిస్తే వారం పడుతుంది. అందుకని ఆరు మెషీన్ల మీద ఒకేసారి అదే ఇన్‌స్టాల్ కమాండ్ కొడతారు. ఆరింటికీ డిస్కు ఒకటే. ఒక మెషీన్ ఒక ప్యాకేజీ మొదలుపెట్టగానే డిస్కు మీద దాని పేరుతో చిన్న ఫైలు పెడుతుంది. దాన్ని లాక్ అంటారు. బస్సు సీటు మీద కర్చీఫ్ వేసుకోవడం లాంటిదే. మిగతా ఐదూ ఆ కర్చీఫ్ చూసి, దాన్ని వదిలేసి ఇంకో ప్యాకేజీ అందుకుంటాయి. చేయడానికి ఇంకేమీ మిగలకపోతే నిలబడి ఎదురుచూస్తాయి. పని అవగానే మొదలుపెట్టిన మెషీనే తన లాక్ తీసేసుకుంటుంది.

చిక్కల్లా పని మధ్యలో చచ్చినప్పుడు. మనిషి దిగిపోయినా కర్చీఫ్ సీటు మీదే ఉండిపోతుంది. అప్పుడు ఎవరో ఒకరు చేత్తో తీయాలి. తీసేముందు ఆ ఫైలు తెరిచి, లోపల రాసి ఉన్న మెషీన్ నంబరు చూసి, ఆ మెషీన్ మీద పని నిజంగా ఆగిపోయిందా అని అడిగి తెలుసుకోవాలి. ఒక మెషీన్ ముందు కూర్చుంటే అందులో నడిచే పనులే కనిపిస్తాయి, పక్కదానివి కనిపించవు. ఈ నియమం ప్రింటు తీసి సర్వర్ రూము తలుపుకు అంటించింది ఛీఛీ సారే. నాలుగు మూలలా టేపు సమానంగా కత్తిరించి మరీ అంటించాడు.

ఒకటీ రెండూ నంబరు మెషీన్లు ఆయనవి. మూడు నుంచి ఆరు వరకు చూసుకునేది ఒక ఆపరేటరమ్మ. నలభై దాటిన మనిషి. తొమ్మిదేళ్ళుగా కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. ఏడాదికోసారి రెన్యువల్ లిస్టు తయారవుతుంది. అందులో పేరుంటే ఉద్యోగం ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. మంచం పట్టిన అత్తగారు, కాలేజీకి వెళ్ళే ఇద్దరు కూతుళ్ళు, ఇంటికి సంపాదన తెచ్చేది ఆవిడ ఒక్కతే. మెషీన్ మీద పని నడుస్తుంటే స్క్రీన్ మీద కదిలే ప్రతి వరసా కళ్ళప్పగించి చదువుతుంది. అలా చదివే మనిషి ఆ అంతస్తులో ఇంకొకరు లేరు.

ఛీఛీ సార్‌కు అదేదీ కనిపించేది కాదు. ఆవిడ సీట్లోనే తింటుంది, అది కనిపించేది. కీబోర్డు సందుల్లో మెతుకులుంటాయి, అవి కనిపించేవి. చెప్పులు విడిచి బల్ల కింద తలోవైపు తన్నేస్తుంది, దువ్వెన మానిటర్ వెనక పెడుతుంది, తడిసిన గొడుగు సర్వర్ రూము తలుపుకే తగిలిస్తుంది. ఆవిడ ఏదైనా చూపించడానికి కాగితం ఇస్తే ఆయన కొసలు మాత్రం పట్టుకునేవాడు.

ఆ ఏడాది కొత్త మెషీన్లు రెండు వచ్చాయి. ఐదూ ఆరూ తీసేసి వాటి స్థానంలో పెట్టారు. దాంతో అన్నీ మొదటినుంచి మళ్ళీ కంపైల్ చేయాల్సి వచ్చింది. శుక్రవారం పొద్దున డైరెక్టరు పిలిచి, "సోమవారం పదకొండింటికి కమిటీ వస్తోందండీ. నది ప్రోగ్రాం నడిచి తీరాలి. ఏం చేస్తారో నాకు తెలియదు" అన్నాడు. ఏం చేస్తారో ఆయనకు ఏనాడూ తెలియదు, అది వేరే సంగతి.

మధ్యాహ్నానికి నలభై ఒక్క ప్యాకేజీలు అయ్యాయి. తరవాతిది గణిత లైబ్రరీ, కూడికల నుంచి పెద్ద సూత్రాల దాకా లెక్కలన్నీ చేసిపెట్టే ప్యాకేజీ. మిగతావన్నీ దాని మీద ఆధారపడినవే, అది అయితే గానీ ఏదీ కదలదు. ఛీఛీ సార్ రెండు మెషీన్లూ "దీన్ని వేరేవారు తయారుచేస్తున్నారు, ఎదురుచూస్తున్నాను" అంటూ నిలబడ్డాయి. గంట గడిచింది. ఆయన తన మెషీన్లలో నడిచే పనుల జాబితా చూశాడు. గణిత లైబ్రరీ జాడే లేదు. పొద్దుటినుంచి అప్పటికే రెండు చచ్చిన లాకులు తీశాడు. ఇది మూడోది అయి ఉంటుందనుకున్నాడు.

అడుగుదామని ఆవిడవైపు చూశాడు. ఆవిడ అప్పుడే డబ్బా విప్పింది. ఎడమచెయ్యి మౌస్ మీద ఉంది, కుడిచెయ్యి మణికట్టు దాకా అన్నంలో ఉంది. కళ్ళు మాత్రం స్క్రీన్ మీదే ఉన్నాయి. ఏసీ గాలికి ఆ వాసన గదంతా పాకింది. అక్కడికి వెళ్ళి, వంగి, ఆ నోరు నములుతూ చెప్పే జవాబు వినాలి. ఆయన చూపు తిప్పేసుకున్నాడు. తిన్నచోటు తుడవని మనిషి లాక్ మాత్రం తీస్తుందా అనుకున్నాడు. ఫైలు తెరిచి చూడలేదు. నంబరు చదవలేదు. చొక్కా మీద పడ్డ వెంట్రుక తీసిపారేసినట్టు లాక్ తీసిపారేశాడు. రెండో నంబరు మెషీన్ వెంటనే గణిత లైబ్రరీ అందుకుంది. ఆయనకు ప్రాణం హాయిగా ఉంది.

ఐదో నంబరు మెషీన్ మీద ఆ లైబ్రరీ ఇంకా నడుస్తూనే ఉంది. పది నిమిషాలు కాకముందే ఆపరేటరమ్మ పరుగులాంటి నడకతో వచ్చింది, ఎంగిలి చెయ్యి పైకెత్తి పట్టుకుని.

"సార్, ఆ లైబ్రరీ మీ దాంట్లో కూడా మొదలైనట్టుంది, నా ఐదులో ఇంకా..."

"ఛీ ఛీ! ఏంటమ్మా ఇది? చెయ్యి చూసుకున్నావా? ముందెళ్ళి కడుక్కో."

"కడుక్కుంటా సార్, ఒక్కసారి ఇది..."

"కడుక్కున్నాకే మాట్లాడు. మెతుకులు రాలుతున్నాయి కింద!"

ఆవిడ చెయ్యి కడుక్కుని వచ్చేసరికి ఆయన డైరెక్టరు గదిలో ఉన్నాడు, కమిటీకి కుర్చీలు ఎక్కడినుంచి తేవాలన్న చర్చలో. ఆయన తిరిగి వచ్చేసరికి తన రెండు మెషీన్లూ ఆ ప్యాకేజీ అయిపోయిందని ఆకుపచ్చ అక్షరాల్లో చెబుతున్నాయి.

"సార్, ఇందాక చెప్దామనుకున్నా..."

"అయిపోయిందిగా, కనపడట్లేదూ? వెళ్ళి నీ బల్ల తుడుచుకో."

ఆవిడ వెళ్ళింది.

సోమవారం కమిటీ వచ్చింది, కుర్చీలూ వచ్చాయి. ప్రోగ్రాం ఎక్కడా ఆగకుండా నడిచింది. ఆగినా బాగుండేది. తెర మీద నది ఎగువన పది అడుగులు ఉంది, దిగువన రెండు వందల అరవై అడుగులు ఉంది. కమిటీలో ఒక పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుని, "అంటే ఇప్పుడు మనం కూర్చున్న ఈ అంతస్తు నీళ్ళలో ఉన్నట్టేనా?" అని అడిగింది. మిగతావాళ్ళు పకపకా నవ్వారు. డైరెక్టరు కూడా వాళ్ళతో కలిసి నవ్వాడు. వాళ్ళు కారెక్కాక నవ్వడం మానేశాడు.

తప్పు ఎక్కడుందో కనుక్కోవడానికి రెండు రోజులు పట్టింది. గణిత లైబ్రరీని రెండు మెషీన్లు ఒకేసారి, ఒకే చోట తయారుచేశాయి. అందులో సగం ఫైళ్ళు పాత మెషీన్ల కొలతకు ఉన్నాయి, సగం కొత్త మెషీన్ల కొలతకు ఉన్నాయి. పైకి చూస్తే అంతా ఉన్నట్టే, లెక్కలు మాత్రం అడ్డదిడ్డం. ఎవరో బతికున్న లాక్ తీసేశారని ఛీఛీ సార్‌కు ఇట్టే అర్థమైంది. ఎవరన్నది ఆయన ఆలోచించనే లేదు. అనుమానం తన చేతి మీదికి పోనే పోలేదు. రోజుకు పన్నెండుసార్లు కడుక్కునే చెయ్యి కదా.

బుధవారం డైరెక్టరు ఇద్దర్నీ గదిలోకి పిలిచాడు.

"లాక్ తీసిందెవరు?"

"ఇంకెవరు సార్" అన్నాడు ఛీఛీ సార్, ఆవిడవైపు తిరగకుండానే.

"నేను తీయలేదు సార్" అంది ఆవిడ.

"తీయకపోతే దానంతట అదే ఎగిరిపోయిందా?"

"లాగ్ చూస్తే తెలుస్తుంది సార్. ఏ మెషీన్ నుంచి, ఎన్నింటికి తీశారో అందులో ఉంటుంది."

డైరెక్టరు ఛీఛీ సార్‌వైపు చూశాడు. "మీరు లాగ్ చూశారా?"

"చూశాను" అన్నాడు ఛీఛీ సార్. చూడలేదు. తరవాత చూడవచ్చులే, ఎలాగూ అదే ఉంటుంది కదా అనుకున్నాడు.

ఆవిడ ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసింది.

"రేపు సాయంత్రానికి రిపోర్టు ఇచ్చేయండి. ఎల్లుండి మధ్యాహ్నం రెన్యువల్ లిస్టు పైకి పోతుంది. ఎవరుండాలో ఎవరు అక్కర్లేదో ఈలోగానే తేల్చేద్దాం" అన్నాడు డైరెక్టరు.

గురువారం నాలుగింటికి రిపోర్టు వెళ్ళింది. కాంట్రాక్టు ఆపరేటరు అజాగ్రత్త వల్ల, అని మొదలైంది. చక్కని మార్జిన్లు, ఒక్క అచ్చుతప్పు లేదు. ఇంటికెళ్ళి భార్యతో, "ఎట్టకేలకు ఆ గది శుభ్రపడుతుంది" అన్నాడు. "తొమ్మిదేళ్ళు పనిచేసిన మనిషండీ" అంది ఆవిడ. ఆయన తన గ్లాసుతో మంచినీళ్ళు తాగి లేచిపోయాడు.

శుక్రవారం పొద్దున, రిపోర్టు ఆఫీసు కాపీకి లాగ్ పేజీ జతచేద్దామని కూర్చున్నాడు. జతపరచాల్సింది లేకుండా ఫైలు మూస్తే ఆయనకు అదో చీదర. లాగ్ తెరిచి గణిత లైబ్రరీ పేరుతో వెతికాడు. వరస దొరికింది. లాక్ పెట్టింది మెషీన్ 5. చేత్తో తీసివేసింది మెషీన్ 2. సమయం ఒంటిగంట పదిహేడు. దాని కింద ఒంటిగంట ఇరవైనాలుగుకు ఐదో మెషీన్ ఇంకా ఫైళ్ళు రాస్తూనే ఉంది.

ఒంటిగంట పదిహేడుకు ఆవిడ ఎక్కడుందో ఆయనకు బాగా తెలుసు. ఆ వాసన ఇంకా ముక్కులో ఉంది. ఎత్తి పట్టుకున్న ఆ చెయ్యి గుర్తొచ్చింది. అప్పుడు ఆవిడ ఏం చెప్పబోయిందో ఇప్పుడు మొదటిసారి చెవికి ఎక్కింది.

బేసిన్ దగ్గరికి వెళ్ళాడు. చేతులు కడుక్కున్నాడు. వెనక్కి వచ్చి కూర్చుని ఆ వరసను ఎంచుకున్నాడు. డిలీట్ మీదికి వేలు వెళ్ళింది. అక్కడే నిలిచిపోయింది. ఆ వేలిని చూస్తే ఆయనకే అసహ్యం వేసింది. తనలో తను ఇంత కుళ్ళు చూస్తాడని ఆయన ఏనాడూ అనుకోలేదు. చప్పున లేచి లాగ్ ప్రింటు తీసుకుని డైరెక్టరు గదికి నడిచాడు. పదిన్నర అయింది. లిస్టు ఇంకా ఆఫీసు దాటలేదు. లాగ్ చూశాక ఇంతవరకు చేసినదానికి ఆయన్ని తప్పుపట్టడానికి లేదు.

డైరెక్టరు బిస్కెట్లు టీలో ముంచుకుని తింటున్నాడు. నానిన ముక్క ఒకటి కప్పులో పడితే వేలుపెట్టి తీసుకున్నాడు.

"సార్, ఆ లాక్ తీసింది నేనే. ఆవిడ కాదు. ఇదిగో లాగ్."

డైరెక్టరు కాగితం అందుకోలేదు. "ఎవరికైనా చెప్పారా?"

"లేదు సార్."

"మంచిది, చెప్పకండి. లిస్టు సంతకమై కవర్లో పెట్టేశాం. మీ మీద రాస్తే ఎంక్వైరీ అంటారు, పైవాళ్ళు వస్తారు, నన్ను కూర్చోబెట్టి అడుగుతారు. మీకింకా ఆరేళ్ళ సర్వీసుంది. ఆవిడంటే కాంట్రాక్టు, ఇంకోచోట చూసుకుంటుంది. అయినా ఆవిడ పక్కన కూర్చోలేక చస్తున్నానని మీరే కదండీ ఎన్నోసార్లు అన్నారు? పీడ వదిలిందనుకోండి. కూర్చోండి, బిస్కెట్ తీసుకోండి."

కవరు టేబుల్ మీదే ఉంది. జిగురు కూడా ఆరలేదు. ఛీఛీ సార్ దాన్ని చూశాడు. ఎంక్వైరీ గదిని ఊహించుకున్నాడు, అందరూ తనవైపు చూసే చూపునూ ఊహించుకున్నాడు. "సరే సార్" అన్నాడు.

చెప్పడానికే రోతగా ఉంది, ఆయన బిస్కెట్ కూడా తీసుకున్నాడు. అవతలి మనిషి తడి వేళ్ళతో కెలికిన ప్లేటులోంచి తీసుకుని, నిలబడి, మొత్తం తిన్నాడు. గుండెల మీంచి బరువు దిగినట్టయింది. ఆ లాగ్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు.

మధ్యాహ్నం మూడింటికి ఆపరేటరమ్మకు కబురు అందింది. ఆవిడ దువ్వెన, డబ్బా, గొడుగు ఒక సంచిలో వేసుకుంది. బల్ల కింద రెండో చెప్పు కోసం వంగి వెతుక్కుంటుంటే ఛీఛీ సార్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఏదో ఒకటి చెప్పాలనిపించింది.

ఆవిడే అడిగింది. "పొద్దున కాగితం పట్టుకుని లోపలికెళ్ళారు. లాగేనా సార్?"

"అవునమ్మా."

"చెప్పారా?"

"చెప్పాను. నేనే తీశానని చెప్పాను." కాస్త గట్టిగానే అన్నాడు.

ఆవిడ లేచి నిలబడింది. మొహంలో ఏదో వెలుగులాంటిది వచ్చింది. "ఏమన్నారు మరి?"

"లిస్టు సంతకమైపోయిందన్నారు."

"అయితే ఏం సార్. మార్చలేరా ఏంటి? పొద్దున అప్పటికి ఇంకా పోలేదుగా." ఆగి అడిగింది. "దానికి మీరేమన్నారు?"

ఆయన జేబులోని కాగితం మడతలు తడుముకున్నాడు. ఆవిడ ఎదురుచూసింది, స్క్రీన్ మీద తరవాతి వరస కోసం చూసినంత ఓపికగా. కాసేపటికి ఆ వెలుగు పోయింది. రెండో చెప్పులో కాలు పెట్టుకుని, సంచి భుజానికి తగిలించుకుంది. బల్లకూ గోడకూ మధ్య దారి ఇరుకు, ఆయన దానికి అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"కాస్త జరగండి సార్" అంది. "నా సంచి మీకు తగులుతుంది."

ఆయన జరిగాడు.